పవర్ సప్లై మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా? వోల్టేజీ, చప్పుడు, పెట్టే డబ్బు

పెట్టె మీద 750 వాట్లు అని పెద్ద అంకె, పక్కన బంగారు రంగు బిళ్ల. చాలామంది ఈ రెండూ చూసి పవర్ సప్లై, అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగ్గ డీసీగా మార్చే డబ్బా, కొనేస్తారు. రెండూ నిజమే కావచ్చు. కానీ మీ కంప్యూటర్‌లో పెట్టాక అది ఎలా నడుస్తుందో మాత్రం అవి చెప్పవు. ఒకే పవర్ సప్లై 100 వాట్ల లోడ్ (భాగాలు దాని నుంచి లాగే వాట్లు) దగ్గర ఒకలా, 600 వాట్ల దగ్గర ఇంకోలా ఉంటుంది. వోల్టేజీ మారుతుంది, వృథా అయ్యే కరెంటు మారుతుంది, ఫ్యాన్ వేగం మారుతుంది. అందుకే ముందు మీ లోడ్ ఎంతో తెలుసుకోండి. పనితీరు, చప్పుడు, ఖరీదు మూడూ ఆ లోడ్ దగ్గరే తూచండి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. పవర్ సప్లై డబ్బా విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 380 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా అది కొంతసేపు నిలిచి ఉండొచ్చు. ఇక్కడ చెప్పే కొలతల్లో ఏ ఒక్కదానికీ డబ్బా విప్పే అవసరం లేదు.

మొదటి అంచె: మీ లోడ్ ఎంత?

గోడ సాకెట్‌కీ కంప్యూటర్ ప్లగ్గుకీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ దొరికితే పని సులువు. మానిటర్, స్పీకర్ల ప్లగ్గులు దానికి తగిలించకుండా కంప్యూటర్ ఒక్కదాన్నే తగిలించండి. మూడు అంకెలు రాసుకోండి. ఒకటి, ఏ పనీ లేకుండా డెస్క్‌టాప్ చూపిస్తూ ఉన్నప్పుడు. రెండు, మీరు రోజూ ఎక్కువసేపు చేసే పనిలో. మూడు, ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ ఒకేసారి పూర్తిగా పనిలో పెట్టినప్పుడు. ప్రతిదానికీ పది నిమిషాలు ఆగి, అంకె నిలకడ పడ్డాకే రాసుకోండి.

మీటర్ చూపేది గోడ నుంచి లాగుతున్న కరెంటు. పవర్ సప్లై బయటికి ఇస్తున్నది అంతకంటే తక్కువ. మీటర్ అంకెను సామర్థ్యంతో, అంటే లాగినదాంట్లో ఎంత శాతం బయటికి ఇస్తుందన్న లెక్కతో, గుణించండి. గోడ దగ్గర 380 వాట్లు, సామర్థ్యం 90 శాతం అయితే భాగాలకు అందుతున్నది సుమారు 342 వాట్లు. మిగతా 38 వాట్లు పవర్ సప్లైలోనే వేడిగా మారిపోతున్నాయి. ఫ్యాన్ తిరిగేది ఆ వేడిని బయటికి తోయడానికే. వేడి తక్కువైతే చప్పుడూ తక్కువ కావడానికి కారణం ఇదే.

మీటర్ లేకపోతే లెక్క వేయండి. ప్రాసెసర్ టర్బోలో (మూల వేగాన్ని మించి పరుగెత్తేటప్పుడు) గరిష్ఠంగా తీసుకునే వాట్లు, గ్రాఫిక్స్ కార్డు మొత్తం బోర్డు వాట్లు, మిగతా అన్నింటికీ కలిపి మరో 50 నుంచి 60 వాట్లు. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ప్రాసెసర్ పెట్టె మీద ఉన్న 65 వాట్లనే లెక్కలో వేయడం. అది మూల వేగం దగ్గరి అంకె. అలా రాసి ఉన్న కొన్ని ప్రాసెసర్లు టర్బోలో 200 వాట్లు కూడా దాటతాయి. కాబట్టి తయారీదారు ఇచ్చే వివరాల్లో టర్బో పవర్ అంకె వెతకండి.

ప్రాసెసర్ 180, కార్డు 250, మిగతావి 60 అనుకుంటే మొత్తం 490 వాట్లు. ఈ గరిష్ఠ లోడ్ పవర్ సప్లై మీద రాసిన వాట్లలో 65 నుంచి 75 శాతం మధ్య పడేలా ఎంచుకోండి. అంటే 650 గానీ 750 గానీ. లోడ్‌కు రెట్టింపు కొనాలన్న మాట తరచుగా వినబడుతుంది, దానికి గట్టి ఆధారం లేదు. మంచి పవర్ సప్లైల్లో 30 నుంచి 80 శాతం లోడ్ మధ్య సామర్థ్యం ఒకటి రెండు శాతానికి మించి మారదు. మరీ పెద్దది కొంటే కంప్యూటర్ ఊరికే ఉన్నప్పటి లోడ్ 5 శాతం దగ్గర పడుతుంది. చాలా పవర్ సప్లైల సామర్థ్యం అక్కడ బాగా పడిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఇంకో మాట. 300 వాట్లని రాసిన కార్డు కొన్ని మైక్రోసెకన్ల నుంచి కొన్ని మిల్లీసెకన్ల పాటు దాదాపు రెట్టింపు లాగగలదు. వాట్ మీటర్ దీన్ని పట్టుకోలేదు, పవర్ సప్లైలోని రక్షణ సర్క్యూట్ పట్టుకుంటుంది. డెస్క్‌టాప్ పవర్ సప్లైలకు హద్దులు చెప్పేది ఏటీఎక్స్ ప్రమాణం. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ఈ కుదుపుల కోసమే కొత్త నియమం పెట్టింది. కొత్త 16 పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టర్ ఉన్న పవర్ సప్లై తన మీద రాసిన వాట్లకు రెట్టింపు లోడ్‌ను 100 మైక్రోసెకన్ల పాటు ఆగిపోకుండా తట్టుకోవాలి. పెద్ద కార్డు పెట్టుకునేవాళ్లు ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ ఉన్నదాన్నే చూడటం మంచిది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో సరిపెట్టుకునేవాళ్లకు ఇది పట్టించుకోవలసిన విషయం కాదు.

రెండో అంచె: స్టిక్కర్ మీది గుణకారం

డబ్బా పక్కన ఉండే స్టిక్కర్ చదవడానికి రెండు నిమిషాలు చాలు. ముందు 12 వోల్టుల గడి చూడండి. ఈనాటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు అన్నీ 12 వోల్టుల మీదే బతుకుతాయి. 5 వోల్టులు, 3.3 వోల్టులు వాడుకునేవి డ్రైవులు, యూఎస్‌బీ, మరికొన్ని చిన్న భాగాలే.

12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లను 12తో గుణించండి. 650 వాట్ల పవర్ సప్లైలో 54 ఆంపియర్లని ఉంటే 648 వాట్లు. అంటే చెప్పిన వాట్లు దాదాపు అన్నీ 12 వోల్టుల మీద దొరుకుతాయి, అలాగే ఉండాలి. అదే 650 వాట్ల పెట్టె మీద 38 ఆంపియర్లని ఉంటే వచ్చేది 456 వాట్లే. మిగతా దాదాపు 200 వాట్లు మీకు పనికిరాని 5, 3.3 వోల్టుల్లో ఇరుక్కున్నాయి. పాత డిజైన్‌కు కొత్త పెట్టె తొడిగారని దాని అర్థం. దాన్ని 450 వాట్ల పవర్ సప్లైగానే లెక్కలోకి తీసుకోండి.

12 వోల్టులు రెండు మూడు గడులుగా విడిపోయి ఉంటే ఆంపియర్లు కూడకండి. కింద విడిగా రాసే ఉమ్మడి గరిష్ఠ వాట్లే అసలు అంకె.

తరవాత ఉష్ణోగ్రత. కొన్ని తయారీలు పూర్తి వాట్లను 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కొన్ని 40 దగ్గర హామీ ఇస్తాయి. కొన్ని ఏమీ రాయవు. క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు కిందుగా పీల్చే గాలి 40 డిగ్రీలు దాటడం వేసవిలో మామూలే. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ పవర్ సప్లై ఇవ్వగలిగేది తగ్గుతుంది. అందువల్ల 50 డిగ్రీల దగ్గర 650 వాట్లు ఇచ్చేది, 40 దగ్గర 700 ఇచ్చేదానికంటే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

మూడో అంచె: బిళ్ల చెప్పేది, చెప్పనిది

పెట్టె మీది ఆ బంగారు రంగు బిళ్ల 80 ప్లస్ అనే పరీక్షది. అది కొలిచేది సామర్థ్యం ఒక్కటే. 115 వోల్టుల పరీక్షలో బ్రాంజ్ రావాలంటే 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర వరుసగా 82, 85, 82 శాతం సామర్థ్యం ఉండాలి. గోల్డ్‌కు 87, 90, 87. ప్లాటినమ్‌కు 90, 92, 89. టైటానియమ్ ఒక్కదానికే 10 శాతం లోడ్ దగ్గర కూడా పరీక్ష ఉంది, అక్కడ 90 శాతం రావాలి. 230 వోల్టుల పరీక్షలో గీతలు ఇంకాస్త పైన ఉంటాయి. ఈ పరీక్ష 23 డిగ్రీల దగ్గరి గాలిలో జరుగుతుంది. మీ క్యాబినెట్ లోపల అంత చల్లగా ఉండదు.

వోల్టేజీ నిలకడ, రిపుల్ అనే వోల్టేజీ అలలు, రక్షణ సర్క్యూట్లు, చప్పుడు, ఎన్నేళ్లు నడుస్తుంది, వీటిలో ఏదీ బిళ్లలోకి రాదు. గోల్డ్ బిళ్ల ఉండి రక్షణలు సరిగ్గా పనిచేయనివి ఉన్నాయి, బ్రాంజ్ ఉండి పదేళ్లు నమ్మకంగా నడిచేవీ ఉన్నాయి. సైబెనెటిక్స్ అనే సంస్థ సామర్థ్యానికి ఈటా అనీ, చప్పుడుకు లాంబ్డా అనీ రెండు వేరు గ్రేడులు ఇస్తుంది. చప్పుడు గురించి పట్టింపు ఉన్నవాళ్లకు లాంబ్డా గ్రేడు చాలా పనికొస్తుంది. ఏ ప్లస్ ప్లస్ అంటే సగటున 15 డెసిబెల్స్ లోపు, ఏ ప్లస్ 15 నుంచి 20, ఏ అంటే 20 నుంచి 25.

పరీక్షల నివేదికలు చదివేటప్పుడు ముందు మోడల్ పేరు అక్షరం అక్షరం సరిపోల్చండి. ఒకే సిరీస్‌లో 550 వాట్లది ఒక కర్మాగారం, 850ది ఇంకో కర్మాగారం చేయడం ఈ వ్యాపారంలో మామూలు సంగతి. పెట్టె మీద పేరున్న కంపెనీల్లో చాలావి సొంతంగా తయారు చేయవు. సీసానిక్, ఛానల్ వెల్, సూపర్ ఫ్లవర్, గ్రేట్ వాల్ వంటి సంస్థల నుంచి చేయించుకుంటాయి. అదే పేరుతో కొన్నేళ్ల తరవాత లోపలి డిజైన్ మారిపోవడమూ ఉంది. 850 మీద వచ్చిన మంచి నివేదిక 550కి వర్తించదు.

నివేదికలో వెతకవలసినవి ఇవి. ఏటీఎక్స్ ప్రమాణం 12, 5, 3.3 వోల్టుల మీద మొదటి నుంచీ 5 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటోంది; 3.0లో 12 వోల్టుల కింది హద్దును మాత్రం కాస్త సడలించారు. మంచి పవర్ సప్లై ఒక శాతం లోపే ఉంటుంది, రెండు శాతం వరకు బాగున్నట్టే. రిపుల్ అంటే డీసీ మీద సన్నగా అలలా కదిలే వోల్టేజీ. దాని హద్దు 12 వోల్టుల మీద 120 మిల్లీవోల్టులు, 5 మీదా 3.3 మీదా 50. పూర్తి లోడ్ దగ్గర 12 వోల్టుల రిపుల్ 40 లోపు ఉంటే చాలా మంచిది. హద్దును దాదాపు అంటుకుంటూ పాసయిన పవర్ సప్లై మీద నాకు సదభిప్రాయం ఉండదు. కెపాసిటర్లు పాతబడేకొద్దీ రిపుల్ పెరిగేదే గానీ తగ్గేది కాదు.

హోల్డప్ టైమ్‌ను చాలామంది దాటేస్తారు. గోడ దగ్గర కరెంటు పోయాక పవర్ సప్లై తన కెపాసిటర్‌లో ఉన్నదానితో ఎంతసేపు వోల్టేజీ నిలబెడుతుందన్నదే అది. ఏటీఎక్స్ 3.0 ప్రకారం 80 శాతం లోడ్ దగ్గర 17 మిల్లీసెకన్లు, పూర్తి లోడ్ దగ్గర 12 ఉండాలి. యూపీఎస్ బ్యాటరీకి మారడానికి తీసుకునే కొద్ది మిల్లీసెకన్లను దాటించేది ఇదే. లైట్లు ఒక్క క్షణం మినుకుమన్నప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే, ముందు అనుమానించవలసింది దీన్నే. పెద్ద కెపాసిటర్‌కు ఖర్చు ఎక్కువ. చౌక తయారీల్లో మొదట కోత పడేది అక్కడే.

నాలుగో అంచె: మల్టీమీటర్‌తో మీ కంప్యూటర్ మీదే

మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఫ్యాన్ తిరిగిందో లేదో చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. పవర్ సప్లై పూర్తిగా చచ్చిపోయిందా లేదా అన్నది దానితో తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. లోడ్ లేనప్పుడు పాడైపోతున్న పవర్ సప్లై కూడా 12.1 వోల్టులు చూపిస్తుంది. లోడ్ పెట్టి కొలవాలి. ఆ లోడ్ మీ కంప్యూటరే.

సాఫ్ట్‌వేర్ చూపించే వోల్టేజీలను నమ్మకండి. మదర్‌బోర్డు మీది చవక సెన్సర్ 12 వోల్టులను 11.3 అనో 12.7 అనో చూపించడం కద్దు. పడిపోతోందా పెరుగుతోందా అన్న ధోరణి తెలుసుకోవడానికి అవి చాలు, తీర్పు చెప్పడానికి చాలవు.

1. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద, 20 వోల్టుల శ్రేణిలో పెట్టండి. ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలోనే ఉందని కళ్లతో చూసి నిర్ధారించుకోండి. అది ఆంపియర్ల రంధ్రంలో ఉండి మీరు 12 వోల్టులను తాకితే మీటర్ షార్ట్ అవుతుంది, పవర్ సప్లై ఆగిపోతుంది, మీటర్ ఫ్యూజు పోతుంది.

2. వాడకంలో లేని పాత నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్ ఒకటి బయటికి లాగండి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, మధ్యలోని రెండు నలుపులు గ్రౌండ్. ఎరుపు చూసి అదే ఎక్కువ వోల్టేజీ అనుకునేవాళ్లు చాలామంది. కాదు, పసుపే ఎక్కువ. నల్ల ప్రోబ్ నల్ల తీగ ఉన్న రంధ్రంలో, ఎర్ర ప్రోబ్ పసుపు రంధ్రంలో గుచ్చండి. పిన్ను లోపలి లోహానికి తగిలితే అంకె స్థిరపడుతుంది. అంకె ఊగుతుంటే సరిగ్గా తగల్లేదని అర్థం.

3. 3.3 వోల్టుల కోసం 24 పిన్నుల కనెక్టర్ వెనక నుంచి, నారింజ తీగ పక్కగా సన్నని ప్రోబ్ దించాలి. రెండు ప్రోబులు ఒకదానికొకటి గానీ పక్క పిన్నుకు గానీ తగలకూడదు. చెయ్యి వణుకుతుందనిపిస్తే ఈ కొలత వదిలేయండి. 12, 5 వోల్టులతోనే కథ చాలావరకు తెలిసిపోతుంది.

4. నాలుగు స్థితుల్లో కొలవండి: ఖాళీగా, ప్రాసెసర్ ఒక్కటే లోడ్‌లో, గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే లోడ్‌లో, రెండూ కలిపి. లోడ్ పెట్టడానికి ప్రాసెసర్‌కు ప్రైమ్95, గ్రాఫిక్స్ కార్డుకు ఫర్‌మార్క్ అనే ప్రోగ్రాములు సరిపోతాయి. ఓసీసీటీ అనే ప్రోగ్రాములో రెండింటినీ కలిపి నడిపే పవర్ పరీక్ష ఉంది. చివరి స్థితిలో అరగంట ఉంచి, మొదటి నిమిషంలో ఒకసారి, ముప్ఫయ్యో నిమిషంలో ఒకసారి రాసుకోండి. వేడెక్కాక ఏం జరుగుతుందన్నదే ఇక్కడ అసలు పరీక్ష.

5. చివరి స్థితిలో గ్రాఫిక్స్ కార్డు కనెక్టర్ వెనక నుంచి కూడా ఒకసారి కొలవండి. మోలెక్స్ దగ్గర 12.05 ఉండి ఇక్కడ 11.75 ఉంటే ఆ 0.3 వోల్టు తీగలో, పిన్నులో పోతోంది. ఒకే తీగకు రెండు ఎనిమిది పిన్నుల కనెక్టర్లు వేలాడుతుంటే రెండు విడి తీగలు వాడి మళ్లీ కొలవండి. ఒక ఎనిమిది పిన్నుల కనెక్టర్‌కు ప్రమాణం ప్రకారం 150 వాట్లే. కనెక్టర్ వేడిగా తగిలినా, ప్లాస్టిక్ రంగు మారినా పరీక్ష అక్కడే ఆపేయండి.

ఇక అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం. 12 వోల్టులు 11.40 నుంచి 12.60 లోపు, 5 వోల్టులు 4.75 నుంచి 5.25 లోపు, 3.3 వోల్టులు 3.14 నుంచి 3.47 లోపు ఉంటే ప్రమాణంలో ఉన్నట్టు. కానీ అంతకంటే ముఖ్యమైనది ఖాళీ స్థితికీ పూర్తి లోడ్‌కూ మధ్య తేడా. 12.10 నుంచి 12.00కి దిగితే నిశ్చింతగా ఉండండి. 12.20 నుంచి 11.60కి దిగితే హద్దులోనే ఉన్నా అది అలసిపోతున్న పవర్ సప్లై.

గ్రాఫిక్స్ కార్డుకు లోడ్ ఎక్కగానే 12 వోల్టులు కిందికీ 5 వోల్టులు పైకీ జరిగితే లోపల ఏముందో డబ్బా విప్పకుండానే చెప్పవచ్చు. 12కూ 5కూ కలిపి ఒకే నియంత్రణ పెట్టిన పాత పద్ధతి అది. 12 పడిపోతోందని సర్క్యూట్ పైకి తోస్తే, దానితో ముడిపడిన 5 కూడా పైకి పోతుంది. కొత్త డిజైన్లలో ముందు 12 తయారు చేసి, అందులోంచి చిన్న డీసీ డీసీ బోర్డులతో 5నూ 3.3నూ విడిగా తీస్తారు. ఒకటి కదిలితే రెండోది కదలదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కు ఈ రెండో రకమే కావాలి.

రిపుల్ మల్టీమీటర్‌తో తెలియదు. ఏసీ వోల్టుల మీద పెట్టి కొలిచే చిట్కా ఒకటి చలామణీలో ఉంది, దాన్ని పట్టించుకోకండి. రిపుల్ వేల హెర్ట్‌జ్‌ల్లో ఉంటుంది, మామూలు మీటర్ గోడ కరెంటు పౌనఃపున్యానికే నమ్మదగినది. ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లు బ్యాండ్‌విడ్త్‌ను 20 మెగాహెర్ట్‌జ్‌కు పరిమితం చేసి, కొలిచే చోట 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు పెట్టి, ప్రోబ్ గ్రౌండ్ తీగను వీలైనంత పొట్టిగా ఉంచి కొలవాలి. పొడవు గ్రౌండ్ తీగ యాంటెన్నాలా పనిచేసి లేని రిపుల్‌ను చూపిస్తుంది.

లోడ్‌లో ఆగిపోతే

కంప్యూటర్ ఎలా ఆగిందన్నది గమనించండి. గేమ్ మధ్యలో తెర నల్లబడి, ఫ్యాన్లన్నీ నిలిచిపోయి, బటన్ నొక్కినా లేవకుండా, పవర్ సప్లై వెనక స్విచ్చి ఆపి మళ్లీ వేశాకే లేస్తే రక్షణ సర్క్యూట్ తాళం వేసుకుందని అర్థం. లోడ్ ఎక్కువైనా, ఎక్కడో షార్ట్ ఉన్నా, గ్రాఫిక్స్ కార్డు కుదుపును పవర్ సప్లై తప్పుగా అర్థం చేసుకున్నా ఇలాగే జరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు పవర్ పరిమితిని 70 శాతానికి తగ్గించి అదే గేమ్ ఆడండి. ఆగడం మానేస్తే వేలు పవర్ సప్లై వైపే చూపిస్తోంది.

అరగంట తరవాతే, అదీ వేడి రోజుల్లోనే ఆగిపోతుంటే ఉష్ణోగ్రత రక్షణను అనుమానించండి. దుమ్ము ఫిల్టర్ తీసి చూడండి. నీలం తెర వచ్చి ఆగితే మెమరీ, డ్రైవర్లు ముందు చూడాలి. పవర్ సప్లై ఆగిపోయేటప్పుడు నీలం తెర చూపించే తీరిక సాధారణంగా ఇవ్వదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కర్నల్ పవర్ 41 అన్న నమోదు చూసి పవర్ సప్లై పోయిందని తేల్చేయకండి. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే అది చెబుతుంది.

అయిదో అంచె: చప్పుడు

ముందు చప్పుడు ఎక్కడ పుడుతోందో తేల్చండి, ఎందుకంటే చాలాసార్లు నింద పవర్ సప్లైకి పడుతుంది, తప్పు ఇంకొకరిది. మందపాటి కాగితాన్ని చుట్టి గొట్టంలా చేసి, ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర ఒక్కో భాగానికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. పవర్ సప్లై వెనక జాలీ, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ ఫ్యాన్, వరుసగా వినండి. చప్పుడు పుట్టే చోటికి గొట్టం రాగానే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్యాన్‌ను ఆపడానికి జాలీలోంచి పుల్లలు, స్క్రూడ్రైవర్లు దూర్చకండి.

గాలి రొద ఫ్యాన్ వేగానిది, దానికి లోడ్ తగ్గించడమో గాలి దారి శుభ్రం చేయడమో మందు. గురగుర, టకటక మంటూ తిరుగుడుకు తగ్గ లయలో వస్తే బేరింగ్ అరిగింది, లేదా తీగ ఏదో రెక్కలకు తగులుతోంది. స్లీవ్ బేరింగ్ ఫ్యాన్లు కొత్తలో నిశ్శబ్దంగా ఉండి వేడికి నూనె ఆరిపోయాక గోల మొదలెడతాయి. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ వాటికంటే చాలాకాలం నిలుస్తుంది. డబుల్ బాల్ బేరింగ్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది గానీ మొదటి రోజు నుంచీ సన్నని రొద ఉంటుంది. స్విచ్చి వేసినప్పుడూ ఆపినప్పుడూ వచ్చే ఒక్క టిక్ రిలేది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక సన్నని కీచుమనే ఈల. అది కాయిళ్ల నుంచి వచ్చేది. గేమ్ మెనూలో సెకనుకు ఫ్రేములు వందల్లోకి పోయినప్పుడు ఈల పెరిగి, ఫ్రేములను 60కి కట్టేయగానే తగ్గితే ఎక్కువగా అది గ్రాఫిక్స్ కార్డే. కాగితం గొట్టంతో నిర్ధారించుకోండి. ఈల వల్ల ప్రమాదం ఏమీ లేదు. కానీ రోజంతా దాని పక్కన కూర్చోవాల్సింది మీరే, కొత్తదైతే మార్పించుకోవడంలో తప్పు లేదు.

తక్కువ లోడ్‌లో ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయే రకాలు ఇప్పుడు ఎక్కువ. వీటిని పరీక్షించేటప్పుడు ఓపిక కావాలి. మీరు రోజూ చేసే పనిలో గంటసేపు ఉంచి, ఫ్యాన్ ఎన్నిసార్లు మొదలై ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టండి. నెమ్మదిగా ఆగకుండా తిరిగే ఫ్యాన్‌ను చెవి మరచిపోతుంది. రెండేసి నిమిషాలకు లేచి పడుకునే ఫ్యాన్ మాత్రం తనను మరచిపోనివ్వదు. అలాంటప్పుడు వెనక ఉండే బటన్‌తో ఆ పద్ధతి ఆపేసి, ఎప్పుడూ తిరిగేలా పెట్టుకోవడమే మేలు. అందుకే ఆ బటన్ ఉన్న మోడల్‌కు నేను ఒక మార్కు ఎక్కువేస్తాను.

డెసిబెల్ అంకెలు పోల్చేటప్పుడు దూరం చూడండి. దూరం సగమైతే అంకె సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మీటరు దూరం నుంచి 24 చూపించింది, అర మీటరు నుంచి 30 చూపించింది, రెండూ ఒకే చప్పుడు కావచ్చు. ఇంట్లో కొలిచేటప్పుడు కంప్యూటర్ ఆపి గది అంకె ముందు రాసుకోండి. గది 35 ఉండి కంప్యూటర్ వేశాక 36 అయితే ఆ కొలతతో ఏమీ తేల్చలేం. ఇలాంటి చోట ఫోన్ యాప్‌లకంటే చెవి మెరుగు.

ఆరో అంచె: పెట్టే డబ్బు

సామర్థ్యం వల్ల ఆదా ఎంతో మీ లోడ్ దగ్గర లెక్కేయండి. రోజుకు మూడు గంటలు 300 వాట్ల లోడ్ అనుకుందాం. 85 శాతం సామర్థ్యంతో గోడ నుంచి 353 వాట్లు, 90 శాతంతో 333. తేడా 20 వాట్లు. రోజుకు 60 వాట్ అవర్లు, ఏడాదికి సుమారు 22 యూనిట్లు. పదేళ్లకు 220 యూనిట్లు. మీ యూనిట్ ధరతో గుణించి, బ్రాంజ్‌కూ గోల్డ్‌కూ మధ్య ధర తేడా పక్కన పెట్టండి. రోజుకు గంట వాడేవాళ్లకు ఆ తేడా కరెంటు బిల్లు రూపంలో తిరిగి రావడం కష్టం. రోజంతా లోడ్‌లో నడిపేవాళ్లకు రెండు మూడేళ్లలోనే రావచ్చు.

గోల్డ్ కొనడానికి బిల్లు కంటే గట్టి కారణం వేరే ఉంది. గోల్డ్‌లోకి చేరిన డిజైన్లలో ఎక్కువవాటిలో విడి డీసీ డీసీ బోర్డులు, మెరుగైన కెపాసిటర్లు, పొడవైన వారంటీ కలిసి వస్తాయి. ధరను వారంటీ ఏళ్లతో భాగించి చూడండి. మూడేళ్ల వారంటీ ఉన్న చవకది, పదేళ్ల వారంటీ ఉన్నదానికంటే ఏడాదికి ఎక్కువ పడటం తరచుగా జరుగుతుంది. అయితే ఆ వారంటీ మీ ఊళ్లో అమలవుతుందా, రానూపోనూ కొరియర్ ఖర్చు ఎవరిదన్నది కొనేముందే అడగండి.

కెపాసిటర్ల మీద 105 డిగ్రీలని ఉన్నవి 85 డిగ్రీల వాటికంటే ఎక్కువకాలం మన్నుతాయి. వేడి పది డిగ్రీలు తగ్గితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. లోపల చల్లగా ఉండే పవర్ సప్లైకి ధర ఎక్కువ ఇవ్వడంలో అర్థం ఇదే.

కేబుళ్లు విడదీయగల రకం సౌకర్యమే, అది మీ అవసరాన్ని బట్టి. కానీ ఒక సంగతి తలకెక్కించుకోండి: ఒక పవర్ సప్లై కేబుళ్లను ఇంకోదానికి వాడకూడదు, ఒకే కంపెనీదైనా సరే. గ్రాఫిక్స్ కార్డు, డ్రైవుల వైపు పిన్నుల అమరిక ఒకటే, పవర్ సప్లై వైపు మాత్రం ఎవరి ఇష్టం వారిది. పిన్నులు చక్కగా దూరుతాయి, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తాయి, డ్రైవులన్నీ ఒక్క క్షణంలో పోతాయి.

పాతది కొంటుంటే కేబుళ్లు దాని సొంతవేనా అని మొదట అడగండి, కావని తేలితే వద్దనండి. తయారీ తేదీ స్టిక్కర్ మీద గానీ సీరియల్ అంకెలో గానీ ఉంటుంది. వారంటీలో సగం కాలం దాటినదానికి కొత్తదాని ధరలో సగం ఇవ్వడం ఎక్కువే. జాలీలోంచి టార్చి వేసి చూడండి. కెపాసిటర్ల పైభాగం ఉబ్బి ఉన్నా, గోధుమరంగు మరక కనిపించినా, కాలిన వాసన వచ్చినా వదిలేయండి. పదేళ్లు నడిచినదాన్ని ఊరికే ఇచ్చినా కొత్త గ్రాఫిక్స్ కార్డుకు తగిలించకండి.

కొలతలన్నీ అయ్యాక ఆ అంకెలను తేదీతో ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలివైపు అంటించండి. ఏడాదికోసారి ఫిల్టర్ దుమ్ము దులిపిన రోజున, అదే కనెక్టర్ దగ్గర, అదే లోడ్‌తో మళ్లీ కొలవండి. పూర్తి లోడ్‌లో 12 వోల్టులు కిందటేడు అంకెకంటే 0.2 తగ్గి ఉంటే, వారంటీ కాగితం వెతికి పెట్టుకోండి.